పెడల్ మీద పాదం

(విశాఖపట్నంలో యాంజియో, సీ-ఆర్మ్ కేసులు చేసే డాక్టర్లు, టెక్నీషియన్లు, నర్సుల ముందు ఒక సీనియర్ గుండె వైద్యుడు ఎక్స్‌రే రేడియేషన్ గురించి చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి ఎత్తి రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ఈ సమావేశానికి డాక్టర్లను మాత్రమే పిలుద్దామని మొదట అనుకున్నారట. టెక్నీషియన్లు, సిస్టర్లు, ట్రాలీ తోసే అబ్బాయిలు కూడా వస్తేనే మాట్లాడతానని నేను చెప్పాను. వచ్చారు, చాలా సంతోషం. గోడ పక్కన నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, అవి ఎవరి కోసమూ అట్టే పెట్టినవి కావు.

ముందుగా ఒక మాట అడుగుతాను. టీఎల్‌డీ బ్యాడ్జ్, అదే మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చెప్పేది, ఉన్నవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సరే. నిన్న కేసులో ఉన్నంతసేపూ ఆ బ్యాడ్జ్ ఒంటి మీద పెట్టుకున్నవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి. మిగతావాళ్లు దించేయండి.

(సగానికి పైగా చేతులు దిగాయి.)

తప్పు పట్టడానికి అడగలేదమ్మా. నేను కూడా పదేళ్లకు పైగా చెయ్యి దించేసే గుంపులోనే ఉన్నాను. నా బ్యాడ్జ్ క్యాథ్ ల్యాబ్‌లో, అంటే మేం యాంజియోలు చేసే గదిలో, టేబుల్ సొరుగులో ఉండేది. మూడు నెలలకోసారి దాన్ని కవర్లో పెట్టి పంపేవాళ్లం. రిపోర్టులో నా పేరు పక్కన సున్నాయో, సున్నాకి దగ్గరో ఉండేది. అది చూసి ధైర్యంగా ఉండేవాడిని. ఆ అంకె సొరుగుది. నా ఒంటికి ఎంత తగిలిందో ఆ పదేళ్ల లెక్క ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సొరుగులో ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. పరిమితి దాటితే కొన్నాళ్లు కేసులు ఆపమంటారని భయం. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఆ తర్వాత శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు వైపు నుంచి గుండె జబ్బుతో వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. అంతకు ముందు స్టెంట్ అనే మాట కూడా వినే అవకాశం లేనివాళ్లు వాళ్లు. పొద్దున్న ఎనిమిదికి రేడియేషన్ ఆపే సీసం యాప్రాన్ వేసుకుంటే రాత్రి దాకా విప్పే పని ఉండేది కాదు. ఆ రోజుల మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ బ్యాడ్జ్ తీసి పక్కన పెట్టినంత మాత్రాన రేడియేషన్ తగలడం ఆగదు కదా. తగిలిందన్న సంగతి తెలియకుండా పోతుంది, అంతే.

నాకు ఎలా తెలిసిందో చెబుతాను. యాభై ఒకటో ఏట, రాత్రిపూట బీచ్ రోడ్డు మీద కారు నడుపుతుంటే ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనపడేవి. పగలు ఎండలో బయటికి వస్తే చదవడం కష్టంగా ఉండేది, నీడలోకి వెళితే బాగుండేది. అద్దాలు మార్చుకోవాలేమో అనుకుని కళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లాను. నాతో కలిసి చదువుకున్నవాడే. చాలాసేపు చూసి, "షుగర్ ఉందా, స్టెరాయిడ్లు ఏమైనా వాడావా?" అన్నాడు. రెండూ లేవన్నాను. "ఎడమ కంట్లో లెన్స్ వెనక పొర దగ్గర శుక్లం మొదలైంది. కుడి కంట్లో తక్కువే. నువ్వు పేషెంటుకి ఏ వైపు నిలబడి కేసు చేస్తావ్?" అన్నాడు. కుడి వైపు అన్నాను. అంటే ఎక్స్‌రే ట్యూబు, పేషెంటు ఛాతీ, రెండూ నా ఎడమ పక్కనే ఉంటాయి. వాడు ఇంకేం మాట్లాడలేదు.

నా శుక్లం రేడియేషన్ వల్లే వచ్చిందని ఒక్క మనిషిలో ఎవరూ రుజువు చేయలేరు. వాడూ ఆ మాటే చెప్పాడు. అయితే ఒక్క మనిషిలో తేలనిది గుంపును చూస్తే తేలుతుంది. కౌలాలంపూర్‌లో గుండె డాక్టర్ల కళ్లు పరీక్షించిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. క్యాథ్ ల్యాబ్‌లో పనిచేసే కార్డియాలజిస్టుల్లో 52 శాతం మందికి లెన్స్ వెనక భాగంలో మచ్చలు కనిపించాయి. రేడియేషన్ పని లేనివాళ్లలో అవి 9 శాతం. సిస్టర్లూ, ఈ మాట మీకు కూడా. ఆ ల్యాబుల్లో పనిచేసే నర్సుల్లో 45 శాతం మందికి ఉన్నాయి. పరీక్షించిన నర్సుల సంఖ్య తక్కువే, కాబట్టి ఆ శాతాన్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. కానీ అది చిన్న సంగతి కూడా కాదు.

కంటి లెన్స్ అంచున కణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. రేడియేషన్ వాటిని దెబ్బ తీస్తే అవి పారదర్శకమైన పోగులుగా మారలేక, మెల్లగా లెన్స్ వెనక్కి జరిగి అక్కడ పేరుకుంటాయి. చూపు సరిగ్గా అక్కడినుంచే సాగుతుంది. అందుకే మచ్చ చిన్నదైనా ఇబ్బంది పెద్దది. ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుంది. మనం పీజీలో తిన్న డోస్, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్, ప్రొఫెసర్ అయ్యాక కనపడుతుంది. ఈ కారణాల వల్లే రేడియేషన్ రక్షణ గురించి చూసే ఐసీఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం 2011లో కంటికి ఏడాది పరిమితిని 150 మిల్లీసీవర్ట్ నుంచి 20కి తగ్గించమని చెప్పింది. మిల్లీసీవర్ట్ అంటే ఒంటికి తగిలే డోస్‌కి కొలత. కొద్దిగా సవరించడం కాదిది, ఏడున్నర రెట్లు తగ్గింపు. అప్పటిదాకా కంటికి ఫరవాలేదు అనుకున్న డోస్ నిజానికి ఫరవాలేనిది కాదని ఒప్పుకున్నట్టు.

ఇక ఇది మన మీదికి ఎక్కడి నుంచి వస్తుంది? క్యాథ్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలను అడిగితే చాలామంది ట్యూబ్ నుంచి అంటారు. ట్యూబ్ నుంచి వచ్చే అసలు కిరణం నేరుగా పేషెంటు ఒంట్లోకి వెళుతుంది. మన మీదికి వచ్చేది పేషెంటు నుంచి.

మన ఆర్కే బీచ్‌లో రాళ్ల దగ్గర నిలబడి ఉంటారు మీరంతా. అల వచ్చి రాతిని కొడుతుంది. అల మనదాకా రాదు, రాతి మీద పడి చెదిరిన తుంపర వస్తుంది. రాతి పక్కనే నిలబడితే చొక్కా తడిసిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే ముఖం మీద చల్లగా తగులుతుంది. రోడ్డు మీదికి వచ్చేస్తే ఏమీ ఉండదు. క్యాథ్ ల్యాబ్‌లో రాయి పేషెంటు, తుంపర స్కాటర్. పేషెంటు చర్మం మీద పడే కిరణంలో సుమారు వెయ్యో వంతు, ఒక మీటరు దూరంలో ఉన్న మనిషికి తగులుతుంది. వెయ్యో వంతే కదా అనిపిస్తుంది. పేషెంటు జీవితంలో ఒకటో రెండో సార్లు ఆ బల్ల మీద పడుకుంటాడు. మనం రోజూ ఆ రాతి పక్కనే నిలబడతాం, ముప్ఫై ఏళ్లు.

దూరం రెట్టింపు అయితే డోస్ నాలుగో వంతుకు పడిపోతుంది. మూడింతలు దూరం వెళితే తొమ్మిదో వంతు. ఇది స్కూల్లో చదువుకున్న లెక్కే. చేతిలో మందు ఇచ్చే పని లేని సిస్టర్, పక్కన నిలబడి చూస్తున్న పీజీ, కాగితం పట్టుకుని వచ్చిన వార్డ్ బాయ్ — వీళ్లు రెండడుగులు వెనక్కి వేస్తే దొరికే రక్షణ ఏ యాప్రానూ ఉచితంగా ఇవ్వదు. రక్తనాళాలు కనపడటానికి డై ఇంజెక్ట్ చేసి సినీ, అంటే రికార్డు చేసే ఎక్స్‌రే సినిమా, తీసే ఆ కొన్ని సెకన్లు డాక్టర్ కూడా వెనక్కి రావచ్చు. డైని తనే ఎక్కించే పవర్ ఇంజెక్టర్ ఉంటే ఇంకా సులువు. సినీలో డోస్, పని చేస్తూ తెర మీద చూసే మామూలు ఫ్లోరో కన్నా సుమారు పది రెట్లు ఉంటుంది. అందుకే ఆ సెకన్ల గురించి నేను ఇంత పట్టుబడతాను.

ఇంకో సంగతి, ఇది నాకు మా గురువు గారు చెప్పి ఉంటే బాగుండేది అనుకుంటాను. స్కాటర్ పేషెంటు నుంచి అన్ని వైపులా సమానంగా రాదు. కిరణం ఒంట్లోకి ప్రవేశించే వైపే ఎక్కువగా వెనక్కి చెదురుతుంది. ట్యూబ్ బల్ల కింద ఉన్నప్పుడు ఆ తుంపర ఎక్కువ భాగం కిందికి, మన కాళ్ల మీదికి పోతుంది. మెషీన్‌ని ఎల్ఏఓ వ్యూకి, అంటే గుండెని ఎడమ పక్క నుంచి ఏటవాలుగా చూసే కోణానికి, తిప్పామనుకోండి, బొమ్మ పట్టే డిటెక్టర్ పేషెంటు ఎడమ వైపుకి పోతుంది, ట్యూబ్ మన వైపుకి వస్తుంది. అప్పుడు తుంపర తిన్నగా మన మీదికి. లెఫ్ట్ మెయిన్, అంటే గుండె ఎడమ ప్రధాన నాళం, చూడటానికి ఎల్ఏఓలోనే తీసే, మనందరికీ ఇష్టమైన స్పైడర్ వ్యూ ఉందే, అదే మన ఒంటికి బాగా ఖరీదైన వ్యూ. తీయొద్దని అనను. దానికి ఎంత ఖర్చవుతుందో తెలిసి తీయండి. అవసరమైన రెండు షాట్లు తీసుకుని, వైర్ నడిపించేటప్పుడు వేరే యాంగిల్‌లో పని అయిపోతుందేమో చూడండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాను. ఆ గదిలో తుంపర రేపేది ఎవరు? మెషీన్ కాదు. పెడల్ మీద ఉన్న పాదం. గదిలో ఆరుగురు ఉంటే ఆరుగురి డోసూ ఆ ఒక్క పాదం కింద ఉంటుంది. సిస్టర్ పెడల్ నొక్కలేదు. టెక్నీషియన్ నొక్కలేదు. బల్ల మీద పడుకున్న పెద్దాయన అసలే నొక్కలేదు. నొక్కింది నేను. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, తెలిసేలా చేసింది ఒక పేషెంటు భార్య.

పూర్తిగా మూసుకుపోయిన రక్తనాళం అది, సీటీవో. మొదటిసారి కాలేదు, కొన్ని వారాల తర్వాత మళ్లీ ప్రయత్నించాం. దాదాపు నాలుగు గంటలు పట్టింది. చివరికి వైర్ దాటింది, స్టెంట్ పెట్టాం, నాళం చక్కగా తెరుచుకుంది. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను. మూడు వారాల తర్వాత ఆయన్ని తీసుకుని ఆమె ఓపీకి వచ్చింది. చొక్కా పైకెత్తి వీపు చూపించింది. కుడి భుజం ఎముక కింద ఎర్రగా కమిలిన మచ్చ. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి, నాలుగు పలకలుగా ఉంది. "డాక్టరు బాబూ, గుండెకి వైద్యం చేస్తే వీపు మీద మచ్చెందుకొచ్చినాదండి?" అంది. వాళ్ల ఊళ్లో ఎవరో తామరని చెప్పి మందు రాయించారట.

తామర నాలుగు పలకలుగా రాదు. ఎల్ఏఓలో ట్యూబ్ సరిగ్గా ఆ చోటుకి ఎదురుగా ఉంటుంది. గంటల తరబడి ఒకే యాంగిల్‌లో, కిరణం పడే చోటుని చిన్నది చేసే కాలిమేషన్ దగ్గరకు లాక్కోకుండా, బల్లని కిందికి దించుకుని నేను పని చేశాను. ఆ మచ్చ నా పాదం అచ్చు. ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చర్మం మానడానికి నెలలు పట్టింది. మానింది, కానీ అక్కడ చర్మం రంగు మారి పలచబడిపోయింది.

చర్మం మీద పడే డోస్‌ని గ్రేల్లో కొలుస్తారు. చర్మానికి 2 గ్రే దగ్గర ఎరుపు మొదలవుతుంది, 3 దాటితే ఆ చోట వెంట్రుకలు రాలతాయి. మన మానిటర్ మీద ఎయిర్ కెర్మా అని, పేషెంటు మీద పడుతున్న కిరణం మొత్తాన్ని చెప్పే ఒక అంకె, మిల్లీగ్రేల్లో, అంటే గ్రేలో వెయ్యో వంతుల్లో, తిరుగుతూ ఉంటుంది. చాలామంది దానివైపు చూడరు, ఫ్లోరో టైమ్ మాత్రమే చూస్తారు. టైమ్ ఒక్కటే చాలదు. లావుపాటి మనిషికి అదే పది నిమిషాల్లో ఎంతో ఎక్కువ డోస్ పోతుంది, ఎందుకంటే బొమ్మ స్పష్టంగా రావడానికి మెషీన్ తనంతట తానే కిరణాన్ని పెంచుకుంటుంది. ఆ అంకె 5,000 దాటిన పేషెంటుని వీపు చూసుకోమని చెప్పి, రెండు మూడు వారాలకి ఫోన్ చేసి అడగాలి. ఇప్పుడు మా దగ్గర ఆ ఫోన్ టెక్నీషియన్ చేస్తాడు. డిశ్చార్జ్ కాగితంలో ఆ అంకె తెలుగులో రాసి ఇస్తాం. ఎక్కడైనా చర్మం డాక్టర్‌కి చూపించుకుంటే ఆ కాగితం కూడా చూపించమంటాం.

ఆ కేసు తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. ఫ్లోరో సెకనుకి 15 ఫ్రేముల మీద ఉండేది. 7.5కి తగ్గించాం. మొదటి వారం బొమ్మ కొద్దిగా గెంతుతున్నట్టు అనిపించింది. రెండో వారానికి కళ్లు అలవాటు పడ్డాయి. డోస్ దాదాపు సగం. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, కంపెనీ ఇంజనీర్ చేత సెట్టింగ్ మార్పించడమే. బల్ల పైకి లేపి పేషెంటుని ట్యూబ్‌కి దూరంగా ఉంచుతాను, డిటెక్టర్‌ని ఛాతీకి ఆనేంత దగ్గరకు దించుతాను. జూమ్ అవసరమైనప్పుడే. చివరి బొమ్మ స్క్రీన్ మీద నిలబడే ఉంటుంది కదా, ఆలోచించాల్సినప్పుడు దాన్ని చూస్తూ ఆలోచిస్తాను, పెడల్ నొక్కి ఉంచి ఆలోచించను. బెలూన్ ఎక్కడుందో గుర్తుగా కావాలంటే సినీకి బదులు ఫ్లోరోనే సేవ్ చేస్తాం. కాలిమేషన్ బ్లేడులు లోపలికి లాక్కుంటే కిరణం పడే చోటు చిన్నదవుతుంది, తుంపరా తగ్గుతుంది, బొమ్మ కూడా ఇంకా తేటగా వస్తుంది. అందరికీ లాభమైన పని అది. అయినా ఎందుకో మనం బద్ధకిస్తాం.

రక్షణ సామాన్ల గురించి త్వరగా చెప్పేస్తాను, అవి మీకు తెలుసు. అరమిల్లీమీటరు సీసానికి సమానమైన యాప్రాన్ స్కాటర్‌లో సుమారు 95 శాతాన్ని ఆపుతుంది. థైరాయిడ్ కాలర్ ఎవరూ వదలొద్దు. కంటి అద్దాలకి పక్కల కూడా సీసం ఉండాలి, ముఖానికి దగ్గరగా కూర్చోవాలి. తుంపర ఎడమ నుంచి, కింది నుంచి వస్తుంది కాబట్టి బుగ్గకీ అద్దానికీ మధ్య ఉన్న సందులోంచే లోపలికి పోతుంది. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది పైనుంచి వేలాడే లెడ్ గాజు పలక. అది మన ముఖానికి దగ్గరగా కాదు, పేషెంటు ఒంటికి ఆనుకుని ఉండాలి. రాయి దగ్గరే తుంపరని ఆపాలన్న మాట. చాలా ల్యాబుల్లో ఆ పలక ఒక మూలకి నెట్టేసి, దాని మీద ఎవరిదో క్యాప్ వేలాడుతూ ఉంటుంది. బల్ల కింద వేలాడే లెడ్ కర్టెన్ కూడా అంతే. మన మోకాళ్లు దానివల్లే బతుకుతాయి.

యాప్రాన్ల సంగతి మాత్రం ఆగి చెప్పాలి. మన ఊరి ఉక్కకి కేసు అయ్యేసరికి ఒళ్లంతా చెమట. యాప్రాన్ విప్పి కుర్చీ మీదికి విసిరేస్తాం, లేదా మడిచి బెంచీ మీద పెడతాం. మడత పడ్డ చోట లోపలి సీసం పొర చిట్లుతుంది. బయటి గుడ్డ చెక్కుచెదరదు, కాబట్టి ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం మా ల్యాబ్‌లో ఉన్న యాప్రాన్లన్నీ బల్ల మీద పరిచి ఫ్లోరో కింద చూశాం. ఒకదాంట్లో నడుము దగ్గర అడ్డంగా, అరచేయంత పొడవున చీలిక. స్క్రీన్ మీద నల్లటి యాప్రాన్‌లో తెల్లటి గీత. ఆ యాప్రాన్ పొట్టిగా ఉంటుందని మా సిస్టర్లు వాడేది. మూడేళ్లుగా వాడుతున్నారు. ఆ గీత చూశాక మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడాదికోసారి ఈ పరీక్ష చేసి తేదీ రాసిపెట్టాలి. విప్పగానే హ్యాంగర్‌కి తగిలించాలి. హ్యాంగర్ ఖరీదు యాప్రాన్ ఖరీదులో ఎంత?

బరువు కూడా ఉంది. ఐదు నుంచి ఏడు కిలోలు భుజాల మీద వేసుకుని రోజంతా వంగి నిలబడితే వెన్నుపూస ఏమవుతుందో ఇక్కడ నడుము పట్టీ పెట్టుకుని కూర్చున్నవాళ్లు నాకన్నా బాగా చెబుతారు. అమెరికాలో చేసిన ఒక సర్వేలో క్యాథ్ ల్యాబ్ డాక్టర్లలో దాదాపు సగం మంది ఎముకలు, వెన్ను సమస్యలు ఉన్నాయన్నారు. చొక్కా, లంగాలాగా రెండు ముక్కలుగా వచ్చే యాప్రాన్ వాడండి. సగం బరువు తుంటి ఎముకల మీదికి పోతుంది.

(సభలోంచి ఒకరు: సార్, మాది గాజువాక. ఆర్థో థియేటర్లో సీ-ఆర్మ్ వాడతాం. క్యాథ్ ల్యాబ్ కాదు కదా, మాకు ఇంత ఉండదంటారు.)

బాగా అడిగారు. మాట నిజమే, ఒక్కో కేసులో మీ డోస్ మాకన్నా తక్కువే ఉంటుంది. కానీ మీ గదిలో ఉన్న ప్రమాదం వేరు. మాకు లెడ్ గాజు పలక ఉంటుంది, కర్టెన్ ఉంటుంది, గోడల్లో సీసం ఉంటుంది. మీ దగ్గర చక్రాల మీద తోసుకొచ్చిన సీ-ఆర్మ్, ఐదుగురు మనుషులు, రెండు యాప్రాన్లు. ఆ రెండూ ఎవరు వేసుకుంటారో మనకు తెలుసు. మత్తు డాక్టర్ తలవైపు కదలకుండా కూర్చుంటాడు. కాలు పట్టుకున్న అబ్బాయి ఎముకకి అడుగు దూరంలో ఉంటాడు. పైగా కొన్నిచోట్ల సీ-ఆర్మ్ తలకిందులుగా తిప్పి ట్యూబ్ పైన పెడతారు. అప్పుడు తుంపర అంతా ముఖాల మీదికే వస్తుంది. ట్యూబ్ కిందే ఉంచండి. మీ చేయి కిరణంలో ఉండగా పెడల్ నొక్కొద్దు. స్కాటర్ వేరు, కిరణంలోనే చేయి పెట్టడం వేరు. అది అల కింద నిలబడటం. ముందు యాప్రాన్లు కొనండి, మనిషికొకటి.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895 నవంబర్‌లో. ఆ వెంటనే అమెరికాలో ఎడిసన్ ఆ పనిలో దిగాడు. ఆయన దగ్గర క్లారెన్స్ డాలీ అనే పనివాడు ట్యూబ్ పనిచేస్తోందో లేదో చూడటానికి తన చేయే అడ్డం పెట్టేవాడు. చేతులు కాలి, పుండ్లు పడి, క్యాన్సర్ వచ్చి, రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది. 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తర్వాత ఎక్స్‌రే జోలికి వెళ్లలేదు. హాంబర్గ్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో 1936లో రాతి స్తంభం నిలబెట్టారు. ఎక్స్‌రే, రేడియం పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న 169 మంది పేర్లు చెక్కారు. డాక్టర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, టెక్నీషియన్లు ఉన్నారు. మన పరిమితుల్లో ఉన్న ప్రతి అంకె వెనకా అలాంటి పేర్లున్నాయని నాకు అనిపిస్తుంది.

భయపెట్టడానికి వచ్చానని మాత్రం అనుకోవద్దు. రేడియేషన్ మనకు కొత్తది కాదు. భీమిలి ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. మట్టి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ అందుతూనే ఉంటుంది. ఒక యాంజియోగ్రామ్‌కి పేషెంటుకి సుమారు 7, స్టెంట్ వేస్తే సుమారు 15. గుండెపోటుతో వచ్చిన మనిషికి ఆ 15 గురించి ఆలోచించి చేయి వెనక్కి తీసుకోకూడదు. ఆ నిమిషంలో ప్రాణమే పెద్దది.

కార్డియాలజిస్టుల మెదడు కణితుల మాట మీరు వినే ఉంటారు. 2013లో 31 మంది డాక్టర్ల కేసులు ఒకచోట చేర్చి రాశారు. ఏ వైపో తెలిసినవాటిలో 85 శాతం ఎడమ వైపు. ఇది చదివాక నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ నిజాయితీగా చెప్పాలంటే, అవి వెతికి పోగుచేసిన కేసులు. రేడియేషనే కారణమని వాటినుంచి తేల్చలేం. ఆ పేరు చెప్పి పిల్లల్ని ఈ పని నుంచి తరిమేయడం తప్పు. ఆ పలకని కిందికి లాక్కోకపోవడం అంతకన్నా తప్పు.

మన దేశంలో దీన్నంతా చూసేది అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ, 1983లో పెట్టారు. రేడియేషన్ రక్షణ నియమాలు 2004వి. క్యాథ్ ల్యాబ్ నడపడానికి వాళ్ల లైసెన్స్ ఉండాలి, రేడియేషన్ భద్రత చూసే ఆర్‌ఎస్‌ఓ ఒకరు ఉండాలి. మన ఒంటికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బ్యాడ్జ్‌లో ఉండేది డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు. తగిలిన రేడియేషన్‌ని అవి లోపల దాచుకుంటాయి. ల్యాబ్‌లో వేడి చేస్తే వెలుగుగా బయటికి ఇచ్చేస్తాయి. ఆ వెలుగు కొలిచి డోస్ చెబుతారు. దాన్ని ఛాతీ మీద, యాప్రాన్ లోపల పెట్టుకోవాలి. వీలైతే కంటి లెక్క కోసం కాలర్ మీద బయట ఇంకొకటి. బ్యాడ్జ్ కిరణాన్ని ఆపదు, అది డాలు కాదు. మూడు నెలలకి మన గురించి ఎవరో ఒకరు నిజం చెప్పాలి కదా, ఆ పని చేస్తుంది. అంకె ఎక్కువ వస్తే మనల్ని కేసుల నుంచి ఆపడానికి కాదు. ఎక్కడ పొరపాటు జరుగుతోందో వెతకడానికి. ఆ వెతుకులాటని శిక్షలాగా నడిపే యాజమాన్యాలు ఉన్నన్నాళ్లూ బ్యాడ్జ్‌లు సొరుగుల్లోనే ఉంటాయి. ఇది కూడా ఈ వేదిక మీదే చెబుతున్నాను.

మా ల్యాబ్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న సిస్టర్ ఒకామె ఉన్నారు. పేషెంటు భయపడితే దగ్గరకెళ్లి చేయి పట్టుకుంటారు. ఎన్నో కేసుల్లో నేను మానిటర్ చూస్తూ పెడల్ నొక్కుతున్నప్పుడు ఆవిడ ఆ రాతి పక్కనే నిలబడి ఉన్నారు. నేను ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఇప్పుడు పెడల్ నొక్కే ముందు "ఫ్లోరో" అని గట్టిగా అంటాను. ఎవరైనా దగ్గరలో ఉంటే వాళ్లు జరిగేదాకా ఆగుతాను. రెండు సెకన్లు. టెక్నీషియన్ అబ్బాయికి చెప్పి ఉంచాను, ప్రతి వెయ్యి మిల్లీగ్రేకి పైకి చెప్పమని. మొదట్లో వాడు గొణిగేవాడు, డాక్టర్‌కి అడ్డు చెప్పడం అలవాటు లేదు కదా. ఇప్పుడు, "సార్, మూడువేలు అయింది, యాంగిల్ మార్చండి" అని చెబుతాడు. నేను మారుస్తాను. సీనియర్లందరికీ నా విన్నపం, మీ గదిలో ఆ మాట చెప్పగలిగే ధైర్యం ఎవరికో ఒకరికి ఇవ్వండి. వాళ్లు చెప్పినప్పుడు విసుక్కోకండి.

ఇంకేమైనా అడగాలంటే అడగండి.

(ఒక పీజీ విద్యార్థిని: సార్, నేను కార్డియాలజీ చేయాలనుకుంటున్నాను. ఇంట్లో వద్దంటున్నారు. పెళ్లయింది, పిల్లలు కావాలి, ఆ రేడియేషన్‌లో ఎందుకు అంటున్నారు. ఏం చెప్పమంటారు?)

కూర్చోమ్మా. ఇది ఇంకా చాలామంది మనసులో ఉన్న ప్రశ్న.

గర్భం అని తెలిసి, ఆ సంగతి ఆసుపత్రికి చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకి మిగతా నెలలన్నీ కలిపి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని నియమం. ముందు వెనకలు చుట్టుకునే యాప్రాన్, పలక, దూరం సరిగ్గా పాటించిన ల్యాబ్‌లో దానికి లోబడి పనిచేయడం సాధ్యమే. చాలామంది చేస్తున్నారు. గర్భం అని చెప్పినంత మాత్రాన పని నుంచి తప్పించకూడదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ ప్రమాణాల్లోనే ఉంది. అలాగే ఆ నెలల్లో ల్యాబ్‌కి దూరంగా ఉండాలని నువ్వే అనుకుంటే, అందుకు నీ చదువు, నీ స్థానం దెబ్బతినకుండా చూడాల్సిన బాధ్యత మాది. ఏది కావాలో నువ్వు చెప్పాలి, మేం కాదు. యాప్రాన్ నీ కొలతకి తగ్గదే తీసుకో. మగవాళ్ల సైజు వేసుకుంటే చంక దగ్గర వదులుగా తెరుచుకుని, ఎడమ వైపు రొమ్ముకి నేరుగా తగులుతుంది. ఈ సంగతి ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడుతున్నాను. యాప్రాన్ లోపల పొట్ట దగ్గర ఇంకో బ్యాడ్జ్ అడుగు. అప్పటికప్పుడు అంకె చూపించే చిన్న ఎలక్ట్రానిక్ డోసిమీటర్లు దొరుకుతాయి, మూడు నెలలు ఆగక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లకి ఆ అంకె ప్రతి సాయంత్రం చూపించు.

సోమవారం మీ ఆర్‌ఎస్‌ఓ దగ్గరకి వెళ్లి ఇవన్నీ కాగితం మీద రాసి అడుగు. ఒక్కదానివే వెళ్లడం ఇబ్బందైతే చెప్పు, తొమ్మిదిన్నరకి నేను కూడా వస్తాను.